తెల్ల రుమాలు పరీక్ష

ఆ ఆదివారం పొద్దున భాస్కర్ రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కోరుట్ల నుంచి కలాయి వేసే గులాం మొహియుద్దీన్ వస్తాడు. పెరట్లో కొలిమి పెట్టుకుని తొమ్మిది ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత పూసి పోతాడు. కొత్త కలాయి గిన్నెలో అమ్మ పచ్చిపులుసు చేస్తుంది. అది పోసుకుని కడుపునిండా తిని, ఒక కునుకు తీసి, సాయంత్రం పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. ఇంతకన్నా నిరపాయమైన ఆదివారం జగిత్యాలలో ఎవరికీ ఉండదు.

భాస్కర్ రావు కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాడు. వెల్గటూరు అవతల ఒక పల్లెలో వాళ్ళకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఊరు విడిచి పొమ్మని నక్సలైట్ అన్నల చీటీ ఒకటి వచ్చాక గడికి తాళం వేసి, అమ్మ రంగనాయకమ్మను, ఆవిడ వదలనన్న ఇత్తడి సామానును వెంటబెట్టుకుని జగిత్యాలలో కిరాయి ఇంట్లో దిగాడు. భూములు పోయినందుకు రంగనాయకమ్మ ఏడవలేదు గాని, ఆ గిన్నెలకు బదులు స్టీలువి కొందామని కొడుకు అన్నప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం మానేసింది. భాస్కర్ రావుకు ఊరి నుంచి వచ్చిన భయం ఒకటే మిగిలింది. ఎవరైనా "దొరా" అంటే అటూ ఇటూ చూసి, "సార్ అనుండ్రి" అని బతిమాలుకునేవాడు.

ఇక ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. నెల కిందట ముగ్గురూ కొండగట్టుకు పోయారు. అతని భార్య మనోరమ అత్తగారి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది, భాస్కర్ రావు సంచీ మోసుకుంటూ వెనక వస్తున్నాడు. కొబ్బరికాయలు అమ్మే ముసలామె మనోరమను చూసి, "మీ బిడ్డనా?" అని అడిగింది. భాస్కర్ రావు నెరిసిన మీసం తడుముకున్నాడు. భార్యకూ తనకూ తొమ్మిదేళ్ళే తేడా! మర్నాడే కరీంనగర్ పోయి ఒక చిన్న సీసా కొన్నాడు. రోజూ రెండు చుక్కలు వేళ్ళతో రుద్దుకుంటే నెరిసిన మీసం ఒక్కసారిగా కాకుండా, ఎవరికీ అనుమానం రాకుండా, మెల్లమెల్లగా నల్లబడుతుందని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంది. చిన్న అక్షరాలతో ఏముందో అతను చదవలేదు. రోజూ అందరికన్నా ముందు లేచి స్నానాల గదిలో మీసానికి రుద్దుకుని, సీసాను పాత బూటులో దాచేవాడు.

మొహియుద్దీన్ చెప్పిన వేళకే వచ్చాడు. అరవై దాటిన మనిషి. గడి ఉన్న రోజుల నుంచీ ఆ గిన్నెలకు కలాయి వేసేది అతనే.

"సలాం దొర... సార్," అన్నాడు నాలుక కరుచుకుని. "అమ్మా, పెద్ద గుండిగ ముందుగాల ఇయ్యుండ్రి. దాని మొఖం సూడక ఏడాదాయె."

గుండిగను నిప్పుల మీద తిప్పి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క చుట్టు చుట్టేసరికి లోపలంతా తళతళలాడింది. చల్లారాక మొహియుద్దీన్ భుజం మీది తెల్ల రుమాలు తీసి లోపల గట్టిగా రుద్ది, రంగనాయకమ్మకు చూపించాడు. రుమాలు తెల్లగానే ఉంది.

"సీసం కలిస్తె గుడ్డ నల్లగైతదమ్మా. కలిపెటోళ్ళు కలుపుతున్నరు, అగ్గువకు వస్తది గద. గని గీ గిన్నెల పిల్లలు తింటరాయె."

"నాకు సూపుడెందుకు మొహియుద్దీనూ, నలభై ఏండ్ల సంది సూస్తనే ఉన్న," అంటూనే ఆవిడ రుమాలు పట్టి చూసింది. అలా చూడకుండా ఆవిడ ఏ గిన్నెనూ లోపలికి తీసుకుపోదు, చూపకుండా అతను ఇవ్వడు.

ఆ రోజే పత్రికలో పట్నంలో కలాయిలో సీసం కలుపుతున్నారనీ, అది మెల్లగా ఒంట్లో చేరి పిల్లల బుద్ధిని తినేస్తుందనీ రాశారు. భాస్కర్ రావుకు మొహియుద్దీన్ మీద అనుమానం లేదు. శాస్త్రం చదివినవాడై ఉండి రుమాలును నమ్మడమేమిటని మాత్రం అనిపించింది. మొహియుద్దీన్ బస్సెక్కగానే కాలేజీ నుంచి తెచ్చిన సామగ్రి పెరట్లో పరిచాడు. కుళ్ళిన కోడిగుడ్ల వాసన వచ్చే వాయువు ఒకటి ఉంది. తెల్ల కాగితం ముక్కను పచ్చిపులుసులో వేళ్ళతో ముంచి ఆ వాయువుకు చూపిస్తే, తగరం కాస్త దిగి ఉంటే లేత గోధుమ రంగు, సీసమైతే నలుపు.

కాగితం నల్లబడింది.

భాస్కర్ రావు పచ్చిపులుసు తీసుకుపోయి మోరీలో పారబోశాడు. రంగనాయకమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఏంరా, మతి పోయిందా? గా వాసనేంది? పులుసెందుకు పారబోస్తివి?"

"గిన్నెల సీసం ఉన్నదమ్మా."

"మొహియుద్దీన్ సీసం కలుపుతడా! నువ్వు పుట్టకముందు సంది..."

"నేను పుట్టకముందు గీ పరీక్ష మనింట్ల లేదమ్మా," అన్నాడతను బాధగానే.

గోడ అవతల పక్కింటి ఇంద్రమ్మ నిలబడి ఉంది. వాసన ఏమిటో కనుక్కుందామని వచ్చి అసలు సంగతి కనుక్కుంది. ఆవిడ గిన్నెలకూ మొహియుద్దీనే కలాయి వేస్తాడు. "ఎవ్వలకు చెప్పద్దు," అన్నాడు భాస్కర్ రావు. ఇంద్రమ్మ ఎవరికీ చెప్పలేదు, కూరగాయల మార్కెట్లో తప్ప. సిరిసిల్లలో ఉన్న చెల్లెలికి కూడా చెప్పకూడదనుకుంది గాని, సోమవారం బస్సులో తెలిసిన మనిషి కనిపించింది.

మంగళవారానికి భాస్కర్ రావు పెరట్లో మూత పెట్టిన గిన్నెలతో వరస మొదలైంది. ఒకరు పప్పు తెచ్చారు, ఒకరు మాంసం కూర, ఒకరు చంటిపిల్ల పాలు. అతను ప్రతిదానిలో వేళ్ళతో కాగితం ముంచాడు, ప్రతి కాగితం నల్లబడింది. కలాయి లేని మట్టికుండలో పెరుగూ అంతే, హోటలు చాయ్ అంతే. పద్నాలుగేళ్ళుగా పాఠం చెబుతున్నా తన మాటను జనం ఇంత శ్రద్ధగా వినడం భాస్కర్ రావు ఎప్పుడూ చూడలేదు. దిగులుగా ఉంది, లోలోపల కొంచెం గర్వంగానూ ఉంది. వంట మీద నమ్మకం పోయి అరటిపండ్లతో బతకసాగాడు. బుధవారం అరటిపండులోనూ సీసం దొరికింది.

"తొక్కల ఉన్న పండ్లకు సీసం ఎట్లస్తదండి?" అంది మనోరమ.

"భూమిలకెల్లి వచ్చింది. ఊరంత పాడైంది, మనూ."

ఆమె అతని మొహంలోకి నిదానంగా చూసింది. "ఊరోళ్ళకు బుగులుతోటి వెంట్రుకలు నెరుస్తున్నయి. మీ మీసమేమో దినదినం నల్లగైతున్నది."

భాస్కర్ రావు ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి పోయాడు. నిజమే, నెల రోజులుగా బూడిద రంగు దాటని మీసం ఈ మూడు రోజుల్లో నిగనిగలాడుతోంది. మంచి సరుకే దొరికిందనుకున్నాడు.

కోరుట్లలో మొహియుద్దీన్ కొలిమి మూడు రోజులుగా వెలగలేదు. స్టీలు గిన్నెలు వచ్చాక అతనికి మిగిలిన ఆస్తి పాత కుటుంబాల ఇత్తడి, దానితోపాటు వచ్చిన పేరు. ఇప్పుడు అతను వేసిన కలాయిని గీకించడానికి జనం ఇంకొకరి దగ్గరికి పోతున్నారు. మసీదు దగ్గర చిన్ననాటి దోస్తు పలకరించకుండా పోయాడు. శుక్రవారం మొదటి బస్సుకు సంచీ భుజాన వేసుకుని, చిన్నదొర అయిన భాస్కర్ రావునే అడుగుదామని అతను జగిత్యాలకు బయల్దేరాడు.

అతనికన్నా ముందు పోలీసు జీపు వచ్చింది. ఆ రోజుల్లో నలుగురు ఒకచోట నిలబడితేనే స్టేషన్‌కు కబురు పోయేది. అలాంటిది, ఒక లెక్చరర్ పెరట్లో నాలుగు రోజులుగా జనం మూతపెట్టిన గిన్నెలతో వచ్చిపోవడం, లోపలినుంచి మందుగుండు లాంటి వాసన రావడం ఊరుకునే విషయం కాదు. ఎస్సై నలభై దాటినవాడు. చెంపలు నెరిశాయి, నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"లెక్చరర్ సాబ్, గీడ ఏం తయారుచేస్తున్నరు?"

"ఏం తయారుచేస్తలేనండి. తిండిల సీసం ఉన్నదా లేదా అని చూస్తున్న."

"సీసమా? తూటాలల్ల పోసేదా?"

"గదే గని..."

ఎస్సై జీపులోంచి తన టిఫిన్ క్యారియర్ తెప్పించాడు. భాస్కర్ రావు సాంబారులో కాగితం ముంచాడు. నల్లబడింది. ఎస్సై మొహం కాగితం కన్నా నల్లబడింది.

"అంటె నాకు మెల్లగ విషం పెడుతున్నరన్నట్టు. ఎవడు వాడు?"

సరిగ్గా అప్పుడు పెరటి తలుపు తోసుకుని మొహియుద్దీన్ వచ్చాడు. కానిస్టేబుల్ అతని సంచీ లాక్కుని కింద కుమ్మరించాడు. బొగ్గులు, ఒక లోహపు కడ్డీ, పొట్లంలో తెల్లటి పొడి.

"ఏందిది? ఊరూరు తిరుగుతవా?"

"నా పనే గది సాబ్. కలాయేస్త."

"అడవి పక్క ఊర్లకు గూడ పోతవా?"

"గిన్నెలు ఆడగూడ ఉంటయి గద సాబ్."

"జీపెక్కు."

అలా జీపెక్కినవాళ్ళు ఎప్పుడు దిగుతారో, అసలు దిగుతారో లేదో అడిగే రోజులు కావవి. గిన్నెలతో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. రంగనాయకమ్మ మాత్రం పెద్ద గుండిగ పట్టుకుని వచ్చి జీపుకూ మొహియుద్దీన్‌కూ మధ్య నిలబడింది.

"నా చేతి వంట తిన్నోళ్ళల్ల నలభై ఏండ్లల్ల ఒక్కలకు కడుపునొచ్చిందా అడుగు నాయనా. గీయన కలాయి గిన్నెలనే గద వండింది!"

"నేనంటలేనమ్మా. మీ కొడుకే సర్టిఫికెట్ ఇచ్చిండు గద," అన్నాడు ఎస్సై.

భాస్కర్ రావు ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. తను అన్నది తిండి మాట. అది నడిచి నడిచి ఒక ముసలి మనిషిని జీపు దాకా తెచ్చింది. ముక్కు మీద, మీసం మీద చెమట ధార కట్టింది.

జీపు మెట్టు మీద కాలు పెట్టబోతున్న మొహియుద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు. భుజం మీది తెల్ల రుమాలు తీసి చాపాడు.

"తుడుసుకో చిన్నదొరా. చిన్నప్పటి సంది గంతే నువ్వు, బుగులు పడితె చెమటల తడుస్తవు."

భాస్కర్ రావు సార్ అనమని చెప్పడం మరిచిపోయి, రుమాలు తీసుకుని మొహం తుడుచుకుని ఇచ్చాడు. మొహియుద్దీన్ భుజాన వేసుకోబోయి ఆగాడు. నలభై ఏళ్ళ అలవాటు మరి, రుమాలు విప్పి చూశాడు. మధ్యలో ఇంత వెడల్పున నల్లటి మరక. బొటనవేలితో రుద్ది చూశాడు.

"దొరా," అన్నాడు మెల్లగా, "గిది సీసం."

భాస్కర్ రావు తన వేళ్ళ కొసలు చూసుకున్నాడు. అవీ నల్లగానే ఉన్నాయి. ఏ పరీక్షకైనా ముందు ఉత్త నీళ్ళు పరీక్షించాలని ప్రతి ఏడూ మొదటి రోజే పిల్లలతో వల్లె వేయిస్తాడు. ఇంట్లో పరీక్షే కదా అని తను ఆ పని చెయ్యలేదు. మసి అంటిందని ఒక్క మాట అంటే మీసం పరువు దక్కుతుంది. అతను జీపు వంక చూశాడు, మొహియుద్దీన్ వంక చూశాడు. తర్వాత లోపలికి పోయి పాత బూటు తెచ్చి అందరి ముందూ బోర్లించాడు.

సీసా దొర్లింది. చిన్న అక్షరాలు ఈసారి చదివాడు. మందులో సీసం ఉందని వాటిలో రాసి ఉంది; మీసం మూడు రోజుల్లో అంత నల్లబడింది కూడా పరీక్ష వాయువు తగిలే.

"సీసం గిన్నెలల్ల లేదు," అన్నాడు ఎస్సైతో. "నా మీసంల ఉన్నది. నా వేళ్ళకెల్లే గిన్నిండ్ల తిండిల పడ్డది. మొహియుద్దీన్ తప్పు ఇసుమంత లేదు. కాగితం మీద రాసిస్త, ఎక్కడ నిలబడి చెప్పుమన్నా చెప్త."

బావి నీళ్ళలో అతను వేళ్ళతో కాగితం ముంచాడు. నల్లబడింది. అప్పుడు మనోరమ సబ్బుతో చేతులు కడుక్కుని, పట్టుకారుతో కొత్త కాగితాలు ముంచింది. టిఫిన్ క్యారియర్లో అతని వేళ్ళు తగలని పప్పుకు కాగితం తెల్లగానే ఉంది. అత్తగారు అప్పటికప్పుడు గుండిగలో పిసికిన చింతపండు రసానికి లేత గోధుమ రంగు వచ్చింది, అంటే తగరమే. రంగనాయకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నేను రుమాలు సూసిననాడే చెప్పిన," అంది.

ఎస్సై చాలాసేపు సీసా వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "గిది సాక్ష్యం. సీజ్ చేస్తున్న," అని జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మొహియుద్దీన్ కింద పడ్డ బొగ్గులు ఏరుకుంటుంటే భాస్కర్ రావు పక్కన కూర్చుని తానూ ఏరాడు.

"మాఫ్ చెయ్యి మొహియుద్దీన్."

"గట్ల అనద్దు సార్. గని గీ ముచ్చట కోరుట్లల గూడ చెప్పాలె. నేను చెప్తె ఎవలు నమ్మరు."

ఆ సాయంత్రం మనోరమ కొబ్బరినూనెతో అతని వేళ్ళు తుడుస్తూ, "గదెందుకు పూసుకున్నరండి?" అని అడిగింది. కొండగట్టు సంగతి తలవంచుకుని చెప్పాడు. మనోరమ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది.

"గా అవ్వ అడిగింది మిమ్మల్ని గాదు. అత్తమ్మను! నేను చెయ్యి పట్టుకొని నడిపిస్తున్న గద, 'గింత మంచిగ సూస్కుంటుంది, మీ బిడ్డనా' అన్నది. 'బిడ్డకన్న ఎక్కువ' అన్నరు అత్తమ్మ. మీరు వెనకకెల్లి సగమే విన్నరు." అతని పెదవి మీది మరక తుడుస్తూ, "నాకు మీరు నెరిసినంకనే మంచిగ కనబడుతున్నరు," అంది. భాస్కర్ రావు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత నాలుగు ఆదివారాలు భాస్కర్ రావు పేపర్లు దిద్దలేదు. మొహియుద్దీన్ సంచీ తను మోస్తూ జగిత్యాలలో, కోరుట్లలో ఇల్లిల్లూ తిరిగి, తన తప్పు తానే చెప్పుకున్నాడు. ఇంద్రమ్మ చెల్లెలి కోసం సిరిసిల్ల దాకా పోయాడు. జనం మొదట నవ్వారు, తర్వాత గిన్నెలు బయటికి తీశారు. అతని మీసం తెల్లబడిన కొద్దీ మొహియుద్దీన్ కొలిమికి తీరిక లేకుండా పోయింది.

సాక్ష్యం కింద పోయిన సీసా మాత్రం స్టేషన్ నుంచి తిరిగి రాలేదు. దసరా నాటికి ఎస్సై గారి నెరిసిన చెంపలు ఎవరికీ అనుమానం రాకుండా మెల్లమెల్లగా నల్లబడ్డాయి.