పదకొండులంగా

ఆ ఉదయం కోడలి పని చిన్నదే. అత్తగారు ఈత నేర్చుకోవడం మొదలుపెట్టారు కాబట్టి, వాళ్ళ లాండ్రీ ఇకమీదట పదికి కాక పదకొండుకు తెరుస్తారని అక్కడ బట్టలు వేసేవాళ్ళందరి ఫోన్లకూ సందేశం పంపాలి. కోడలు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. ఆమెకు దొరికిన మొదటి అసలు పని ఇదే.

"సవ్యంగా చేస్తే దుకాణం కంప్యూటర్ నీకే అప్పగిస్తా. లేదంటే ఇస్త్రీ బల్ల ఉండనే ఉంది," అని తేల్చేసి, తాళాలు సంచిలో వేసుకుని అత్తగారు ఈతకు వెళ్ళిపోయారు.

పాత సందేశం సిద్ధంగానే ఉంది: "మీ బట్టలు పదిలంగా చూసుకుంటాం. ఉదయం పది గంటలకు తెరుస్తాం." 'పది' కనబడిన చోటల్లా 'పదకొండు' పెట్టమని కోడలు ఒక్క లైను రాసి, చదివి చూసుకోకుండానే పంపేసి, టీ పెట్టడానికి లేచింది.

టీ మరిగేలోపే ఫోన్ మోగింది. అవతల ఒక వకీలు.

"ఏమ్మా, మీ దగ్గర నా నల్లకోటు ఉంది. పదకొండులంగా చూసుకుంటామంటారేంటి? దాన్ని చించి లంగాలు కుట్టేశారా?"

కోడలు తాను పంపిన సందేశం తెరిచి చదివింది. కంప్యూటర్‌కు అక్షరాలే తప్ప అర్థాలు పట్టవు. 'పదిలంగా'లో ఉన్న పదినీ అది వదల్లేదు. కంగారులో ఆమె 'పదకొండు' ఉన్నచోటల్లా 'పది' పెట్టమని మళ్ళీ రాసి, ఇదే సరైనదంటూ పంపింది. పదిలంగా మళ్ళీ పదిలంగానే అయింది. దాంతోపాటు తెరిచే వేళ కూడా పదికే వచ్చేసింది.

పదింటికి మూసిన షట్టర్ ముందు జనం మూగారు. పరుగున వచ్చిన కోడలికి ముందుగా ఎదురైంది వకీలే. కోటు కళ్ళారా చూస్తే గానీ కదలనన్నాడు. అతని వెనక పెద్ద మూటతో ఒక డాన్సు టీచర్.

అప్పుడే తడి జుట్టుతో అత్తగారు ఆటో దిగారు.

"తప్పు నాదే అత్తయ్యా. 'పది గంటలకు' అని మొత్తం వెతికి మార్చమనాల్సింది. 'పది' ఒక్కటే ఇచ్చాను," అంది కోడలు తల దించుకుని.

అత్తగారు నోరు తెరిచేలోపే డాన్సు టీచర్ మూట కింద పెట్టింది. "లంగాల వాళ్ళు మీరేగా? మీరు కోట్లూ కర్టెన్లే ఉతుకుతారనుకున్నా. మా పిల్లల డాన్సు లంగాలు తెచ్చాను. నవ్వాగక మీ మెసేజ్ మిగతా టీచర్లకూ పంపా. అదిగో, వాళ్ళూ వస్తున్నారు."

మధ్యాహ్నానికి కౌంటర్ మీద లంగాలు కొండలా పేరుకున్నాయి. వకీలు తన కోటు వేసుకునే వెళ్ళాడు. కోడలు ఈసారి సందేశాన్ని పైకి చదివి, మళ్ళీ చదివి, అప్పుడు పంపింది.

అత్తగారు కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పి పెట్టారు.

"చొక్కాలు కూడా వచ్చేలా ఏదైనా తప్పు చెయ్యగలవేమో చూడమ్మాయ్."