వోల్వాకి రెండో అర్థం

ప్రిన్సిపాల్ జగన్నాథరావు గారు ఆదివారం ఇంటికొచ్చేలోగా జరగాల్సిన పనులు: గడ్డిమోపులు తడపాలి. పింగాణీ కప్పులు అరువు తేవాలి. పుట్టగొడుగు భాగాల పేర్లు, ఏ పేరు ఏ మాటలోంచి వచ్చిందో అప్పజెప్పుకోవాలి. అమ్మని నరసాపురం, చెల్లెలింటికి పంపాలి.

నాలుగోదాని కింద జోగేశ్వరరావు రెండు గీతలు గీశాడు.

నిడదవోలు కాలేజీలో బోటనీ చెప్పే అతనిది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. పర్మనెంటు కావాలంటే ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఆయనేమో ఇతను ఇంట్లో పెంచుతున్న వరిగడ్డి పుట్టగొడుగులు చూస్తానన్నారు. అమ్మ మరిడమ్మ మంత్రసాని. ఎవరు కనబడినా కాన్పుల కబుర్లే.

"మీ అమ్మగారంటే సిగ్గా?" అంది భార్య అమ్మణ్ణి.

"సిగ్గేంటి! చెల్లెలు రమ్మంటోంది."

"ఇల్లంతా చుట్టాలేనని మొన్న ఉత్తరం రాసిందిగా?"

"నా ఉత్తరాలు నీకెందుకు?"

"స్నానాలగదిలో మీరు గడ్డి పేర్చారు. నీళ్ళోసుకోను చోటులేక ఉత్తరాలు చదువుకుంటున్నానండి."

ఆదివారం పొద్దున్నే సంచీతో బయల్దేరిన మరిడమ్మ స్నానాలగదిలోకి తొంగిచూసి ఆగిపోయింది. గడ్డి మీద పిట్టగుడ్లలాంటి మొగ్గలు.

"ఇవాళే పగుల్తాయిరా జోగీ. పురుటికి దగ్గరపడ్డ ఇంటిని వదిలి నేనేనాడైనా కదిలానా?"

"అమ్మా, అవి పుట్టగొడుగులే!"

"ఏవైతేనేం?"

సంచీ దింపి, గుమ్మంలో పీటేసుకు కూర్చుంది. రైలు వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ గారు వచ్చేశారు.

"అడుగున ఈ తొడుగు పేరేంటండి?" అన్నారాయన, అప్పుడే విచ్చుకున్న పుట్టగొడుగు చూపిస్తూ.

"వోల్వా అండి. లాటిన్ మాట. కప్పి ఉంచేది అని."

"ఇంకో అర్థం ఉండాలే?"

ఉందని జోగేశ్వరరావుకి తెలుసు. ఆడవాళ్ళ ముందు నోరు రాక "లేదండి" అనేశాడు.

ఆయన మొహం ముడుచుకుంది. "అది తెలీకుండా పాఠమెలా చెబుతారండి?"

మరిడమ్మ విచ్చుకున్నదాన్నొకటి మొదలంటా పైకి తీసింది. "అయ్యగారూ, ఇది బిడ్డసంచీలాంటిదండి. తల బయటికొస్తూ చింపుకుంది. చిరిగింది కాళ్ళదగ్గర ఉండిపోయింది. మూడొందల కాన్పులు చేశాను, నాకు తెలీదా?"

"గర్భసంచే! లాటిన్లో అదేనండి!" ఆయన ఆ తడినేల మీదే చతికిలబడ్డారు. "ఇరవయ్యేళ్ళుగా నేనూ బోటనీ చెబుతున్నాను. ఆ పేరెందుకు పెట్టారో ఇవాళ చూశాను. మీ అబ్బాయికెలా తెలీదమ్మా?"

"తెలుసండి," అంది అమ్మణ్ణి. "నిన్నంతా వల్లెవేస్తూ ఆ ఒక్క ముక్క మాత్రం గొణిగారు."

జోగేశ్వరరావు గోడవైపు తిరిగి గడ్డి సర్దాడు.

"రేపు క్లాసులో రెండర్థాలూ చెప్పండి. నేనొచ్చి వింటాను. సంతకం ఆ తరవాతే," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

చెప్పాడు. చెవులు ఎర్రబడ్డా, అది చూపించింది మా అమ్మేనని కూడా చెప్పాడు.

మరిడమ్మ ఇప్పుడు లేదు. ఎక్కడైనా పుట్టగొడుగు అడుగున చిరిగిన తొడుగు కనబడితే, ఆవిణ్ణి ఒక్కసారి తలచుకోండి.