త్వాత్వా గొప్పా, పికొలెట్ గొప్పా?

ఆదివారం తెల్లవారుతూనే జైపాల్ పంజరానికి గుడ్డ కప్పి, "పదింటికల్లా వచ్చేస్తా" అని భార్యకు చెప్పి బయల్దేరాడు. పరమారిబో నగరంలో పాటల పిట్టలు పెంచేవాళ్ల సంఘానికి పదకొండేళ్లుగా అతనే అధ్యక్షుడు. ఇంట్లో ఎవరూ వినిపించుకోని మనిషి మాట పిట్టల పోటీలు జరిగే మైదానంలో ముప్పై మంది వింటారు. అందుకే ఆ పదవంటే అతనికి ప్రాణం.

ఈసారి ఎన్నికలో ఓట్లు చెరిసగం చీలాయి. లావు ముక్కు త్వాత్వాలు పెంచేవాళ్లంతా జైపాల్ వైపు, చిట్టి పికొలెట్లు పెంచేవాళ్లంతా అతనికి పోటీగా నిలబడ్డ హెస్డి వైపు. పక్షులతోనే తేల్చుకుందామన్నారు. పాటలు చెడతాయి కాబట్టి ఈ రెండు జాతులకూ పోటీ పెట్టకూడదని అందరికీ తెలుసు, అయినా పెట్టారు. పది నిమిషాల్లో ఏ పక్షి పాట ఎక్కువసార్లు వినిపిస్తే దాని యజమానే అధ్యక్షుడు. లెక్క మంగలి సారిమిన్‌ది. పక్షపాతం అన్న మాట రాకుండా అతను పంజరాలకు వీపు పెట్టి కూర్చుని, పాటకో సుద్దగీత గీయాలి.

రెండు పంజరాలూ పక్కపక్కనే కర్రలకు వేలాడాయి. పక్షులు ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకుని నోరు మూసుకున్నాయి.

"నీ పిట్టకి గొంతు పడిపోయిందేంటయ్యా?" అన్నాడు హెస్డి.

"నీదేదో కచేరీ చేస్తున్నట్టు! అయినా పికొలెట్‌ది కూడా ఒక పాటేనా? ఇంతేగా!" అంటూ జైపాల్ సన్నగా, గబగబా ఈల వేశాడు. జనం పగలబడి నవ్వారు.

హెస్డికి ఒళ్లు మండింది. "మరి మీ త్వాత్వా? నిద్రలో మూలుగుతున్నట్టు!" అని సాగదీసి ఈల వేశాడు.

"నువ్వూరుకోకు పెద్దాయనా, ఇంకోటెయ్!" అన్నారు జైపాల్ మనుషులు. చప్పట్లు పడేసరికి అతనికి పూనకం వచ్చింది. హెస్డి ఒకటి వేస్తే తను రెండు వేశాడు. పక్షులు శ్రద్ధగా వింటూ కూర్చున్నాయి. సారిమిన్ తల తిప్పలేదు, చెయ్యి ఆపలేదు.

గంట కొట్టారు. "త్వాత్వా ముప్పై ఒకటి, పికొలెట్ అరవై నాలుగు," అని చదివాడు సారిమిన్.

"అవన్నీ నేను వేసినవయ్యా బాబూ!" అని అరిచాడు జైపాల్.

"ఎవరు వేస్తే నాకేంటండీ? వెనక్కి చూడొద్దని మీరేగా అన్నారు. వినబడింది పికొలెట్ పాట, గీత గీశాను."

హెస్డి వచ్చి చెయ్యి కలిపాడు. "బాగా పాడావు జైపాల్. నా పిట్ట కూడా అంత బాగా పాడదు."

జైపాల్ పంజరానికి మళ్లీ గుడ్డ కప్పుకుని ఇల్లు చేరాడు. గుడ్డ తీయగానే త్వాత్వా హుషారుగా గొంతు విప్పింది. సన్నగా, గబగబా, అచ్చం పికొలెట్‌లా.

"అయ్యో, పాట చెడిపోయిందే! ఇక దీన్ని ఏ పోటీకి తీసుకెళ్తారు? ఈ పాడు కూత ఎవరు నేర్పారండీ?" అంది భార్య.

"హెస్డి," అన్నాడు మాజీ అధ్యక్షుడు.