ఒక కొమ్ము తేడా

ఆ ఉదయం ఫొటోగ్రాఫరు వేసుకున్న పథకంలో మూడు పనులున్నాయి. ఎనిమిదింటికి స్టూడియో తెరవడం, పదకొండింటికి వచ్చే హెడ్మిస్ట్రెస్‌కి స్టూడియో చూపించడం, ఏడాది పొడవునా ఆవిడ స్కూలు ఫొటోలు తీసే పనికి ఆవిణ్ణి ఒప్పించడం. మూడోది జరగకపోతే ఒకటో తారీకు నుంచి ఆయన వెళ్లి బావమరిది తాళాల కొట్టులో కూర్చోవాలి. షరతు పెట్టింది భార్య. ఆయన తలూపాడు.

పద్దెనిమిదేళ్లుగా ఆయన తీయనిది లేదు. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు, అమ్మకానికి పెట్టిన ఇళ్లు, ఫ్యాక్టరీ వాళ్ల మిషన్లు, ఒకసారి ఒక లాయరు కోసం పగిలిన నీళ్ల పైపు.

"అదే నీ జబ్బు బావా," అన్నాడు బావమరిది పోయిన వారం. "అన్నీ తీసేవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నన్ను చూడు. తాళాలు. గొళ్లెం అడిగినా లేదు పొమ్మంటాను. నువ్వూ ఒక్కటి పట్టుకో. పిల్లలు. అంతే."

"వాడు చెప్పినట్టు వినండి," అంది భార్య. "వాడి కొట్టెక్కడంటే ఎవరైనా చెప్తారు. మన స్టూడియో ఎక్కడంటే, తాళాల కొట్టు ఎదురుగా అని చెప్పుకోవాల్సి వస్తోంది."

కొత్త బోర్డు పనికి కూడా బావమరిదే పూనుకున్నాడు. వెనకాల తాళంచెవులు అరగదీసే మిషను తిరుగుతుండగా, కొట్లోంచే పెయింటరుకి బోర్డు మీద రాయాల్సిన మాటలు ఫోన్‌లో చెప్పాడు. "ఈయన బోర్డులు తప్ప ఇంకేమీ రాయడు బావా, స్పెషలిస్టు," అని హామీ కూడా ఇచ్చాడు. నిన్న సాయంత్రం బోర్డు గోడెక్కింది. ముగ్గురూ రోడ్డు మీద నిలబడి చూశారు. "ఇచ్చట పిల్లల ఫొటోలు మాత్రమే తీయబడును," అని భార్య పైకి చదివింది. మిగతా ఇద్దరూ బాగుందన్నారు.

ఎనిమిదిన్నరకి మొదటి ఫోను వచ్చింది.

"మీ బోర్డు చూశానండీ," అంది ఒకావిడ. "మా వాడికి తీయించాలి. కానీ ఒక్క చోట నిలవడు."

"ఆ వయసులో అందరూ అంతేనండీ. ఎన్నేళ్లు?"

"రెండు. కొత్తవాళ్లని చూస్తే సోఫా కిందికి దూరతాడు."

"నేను చూసుకుంటాలెండి. స్నానం చేయించి తీసుకురండి."

"స్నానమా! నా చేతులు రక్కేస్తాడు."

"అయితే వద్దు. పాలు పట్టి తీసుకురండి."

"అవైతే గిన్నెడు తాగుతాడు. మా గ్రూపులో ఇంకా చాలామందికి ఉన్నారండీ. రమ్మని చెప్పనా?"

హెడ్మిస్ట్రెస్ గుమ్మంలో అడుగుపెట్టే వేళకి స్టూడియో నిండా పిల్లలు. ఆ దృశ్యం ఫొటోగ్రాఫరు కళ్ల ముందు మెదిలింది. "ఎంతమందున్నా రమ్మనండి. పది దాటాక," అన్నాడు.

తొమ్మిదింటికి ఒకాయన పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చాడు. బావమరిది గుమ్మంలోనే అడ్డుకున్నాడు.

"బోర్డు చదవలేదా సార్?"

"చదివే అడుగుతున్నాను. మనుషులకి అసలు తీయరా?"

"పెద్దవాళ్లయితే తీయం."

ఆయన బోర్డు వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయాడు.

"చూశావా బావా," అన్నాడు బావమరిది. "ఈయన మనల్ని జన్మలో మర్చిపోడు."

పది దాటాక ఫోను చేసినావిడ వచ్చి బల్ల మీద బుట్ట పెట్టింది. ఆవిడ వెనక మరి కొందరు, అందరి చేతుల్లోనూ బుట్టలు.

"బాబు ఏడండీ?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆవిడ మూత తీసింది. లోపలున్నది ఆయన వైపు చూసి "మ్యావ్" అంది.

ఫొటోగ్రాఫరు రోడ్డు మీదికి పరిగెత్తి తలెత్తాడు. 'ఇచ్చట పిల్లుల ఫొటోలు మాత్రమే తీయబడును.' కొమ్ము ఎర్ర రంగులో ఉంది. బావమరిది పెయింటరుకి ఫోన్ చేశాడు.

"పిల్లలకి కొమ్ము ఎందుకు పెట్టావయ్యా?"

"కొమ్ము లేకపోతే పిల్లులు ఎలా అవుతాయండీ?" అన్నాడు పెయింటరు. "మీ మిషను గోలలో నాకలాగే వినపడింది. సాయంత్రం వచ్చి చెరిపేస్తాలెండి."

ఈలోగా మూతలు లేచాయి. ఒక పిల్లి వెనక తెర ఎక్కింది. ఒకటి లైటుకి తగిలించిన గొడుగులో పడుకుంది. మొత్తం పదకొండు.

"పంపించెయ్ బావా! మనం పిల్లల స్పెషలిస్టులం!"

"రమ్మన్నది నేనేరా. ఏ మొహం పెట్టుకుని పొమ్మనను?" అన్నాడు ఫొటోగ్రాఫరు. "నీ తాళంచెవుల గుత్తి ఇటు తే. నా తల పక్కన నిలబడి ఆడించు. నేను ఆపమంటే ఆపు."

గుత్తి గలగలమంది. బల్ల మీది పిల్లి చెవులు నిక్కబొడుచుకుని చూసింది. పాస్‌పోర్టు ఫొటోలకి ఆయన మూడు వరకు లెక్కపెడుతూ, కళ్లు మూతపడేలోపు రెండు దగ్గరే నొక్కేసేవాడు. ఇప్పుడూ అదే చేశాడు. తెర మీది పిల్లి దిగే దాకా, పెళ్లిళ్లలో జంట నవ్వే దాకా ఆగినట్టు ఆగాడు. గొడుగులోని పిల్లి కదిలేలా లేదు, కనుక గొడుగుతో సహా తీశాడు.

పదకొండో పిల్లి దగ్గర తలెత్తితే గుమ్మంలో హెడ్మిస్ట్రెస్ ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆవిడ చీర కుచ్చిళ్లతో ఒక పిల్లి ఆడుకుంటోంది.

"పిల్లల స్టూడియో అన్నారు నాతో," అందావిడ.

"పెయింటరు తప్పండీ. కొమ్ము..."

"చూశాను. మా దగ్గరైతే పదిసార్లు రాయిస్తాం." ఆవిడ కెమెరా వెనకుండే చిన్న తెర మీద పదకొండు ఫొటోలూ ఒక్కొక్కటే చూసింది. ఫొటోగ్రాఫరుకి తాళాల కొట్టులో తన స్టూలు కనపడుతోంది.

"పోయినసారి వచ్చిన స్పెషలిస్టు మా ఒకటో తరగతిని కూర్చోబెట్టలేక మధ్యలోనే వెళ్లిపోయాడు," అందావిడ చివరికి. "మీరు పిల్లుల్నే కూర్చోబెట్టారు. సోమవారం రండి. టీచర్ల కార్డులకి ఫొటోలు, ఆటల పోటీలు, కొత్త బిల్డింగు, ల్యాబు సామాన్లు కూడా తీయాలి. తీస్తారా?"

"మా బావ పిల్లలకి తప్ప..." అని బావమరిది మొదలుపెట్టాడు. ఫొటోగ్రాఫరు అతని కాలు తొక్కాడు.

"అన్నీ తీస్తానండీ," అన్నాడు. "ఒకసారి నీళ్ల పైపు కూడా తీశాను."

సాయంత్రం పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చాడు.

"కొమ్ము చెరిపెయ్యనా?"

"అది ఉండనీ," అన్నాడు ఫొటోగ్రాఫరు. "'మాత్రమే' చెరిపెయ్."

ఎదురుగా తాళాల కొట్టు ముందు, పొద్దున బుట్టలతో వచ్చిన వాళ్లు నిలబడి, ఆ గుత్తి లాంటిది తమకీ కావాలంటున్నారు. ఒకటో తారీకు నుంచి ఆ కొట్టులో ఒక మూల పిల్లుల మెడలో కట్టే గంటలు కూడా దొరుకుతున్నాయి.