భూకంపం సంతకం

చెప్పిన టైముకి పది నిమిషాల ముందే భూకంపం గని ఆఫీసుకొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, బెంచీ మీద ఒదిగి కూర్చుంది. గని బురదను ఆపే కట్టకి దాని నిరభ్యంతర పత్రం తప్పనిసరి. మిగతా శాఖలన్నీ కట్టను చూడకుండానే ఇచ్చేశాయి. ఈ ఒక్కటే చదివి పెడతానని కూర్చుంది.

కట్ట ఇంజనీరు దాలినాయుడు మొదట మంచి నమూనాయే గీశాడు. వాలు తక్కువగా, అడుగున నీరు జారిపోయే దారులతో, గట్టి నేల మీద. పైవాళ్ళు ఆ కాగితంలో పకోడీలు తిన్నారు. ఆరని బురద మీదే కట్టను ఇంకో నాలుగు మెట్లు లేపమన్నారు. పెరుగు తొరక మీద రోలు పెట్టినట్టుంటుందని అతనంటే, తొరక మందమెంతో రాసిమ్మన్నారు.

భూకంపం ఫైలంతా చదివింది. "నేనో నిమిషం కదిల్తే ఈ తడి బురదంతా నీళ్ళయిపోద్ది బాబూ. ఇది నిలబడదు," అంది. ప్రాంత అభివృద్ధి దృష్ట్యా తీవ్రత కాస్త తగ్గించుకోమని మేనేజరు వేదాద్రి టీ ఇప్పించి మరీ అడిగాడు. అది తన చేతుల్లో లేదంది.

వేదాద్రి రూల్సు తిరగేశాడు. కట్ట కింద జనం లేకపోతే చిన్న భూకంపానికి తట్టుకునేలా లెక్క చూపిస్తే సరిపోతుందట. కింద మాత్రం మెట్టవలస ఉంది. నూటఎనభై గడప. అందులో ఒకటి దాలినాయుడిదే. ఊరు లేదన్న పత్రం మీద స్థానికుడే సంతకం పెట్టాలట.

"ఖాళీ చెయ్యమనట్లేదు కదయ్యా. లేదని రాయమంటున్నాను. ఉండేవాళ్ళు ఉంటారు," అన్నాడు వేదాద్రి.

దాలినాయుడికి సిగ్గేసింది, భయమూ వేసింది. ఉద్యోగం పోయాక ఊరుండి ఏం లాభమని సంతకం పెట్టేశాడు.

భూకంపం ఆ పత్రాన్ని రెండుసార్లు చదివి అతని వైపు తిరిగింది.

"కింద జనం ఉన్నారనే ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను నాయనా. నిజంగా ఎవరూ లేరా?"

ఆఫీసంతా అతన్నే చూసింది. "లేరండి," అన్నాడు. భూకంపం పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చి, సంతకం చేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో భార్య రమణమ్మ అన్నం వడ్డిస్తూ, పాప ఇవాళ మూడడుగులు వేసిందని మురిసిపోయింది. అంతలో అలమారలో గిన్నెలు గలగలమన్నాయి.

"ఏటండీ, ఇల్లు కదుల్తోంది," అంది రమణమ్మ పాపని ఎత్తుకుని.

"మనం ఇక్కడ లేం కదే, భయమెందుకు," అని దాలినాయుడు ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నాడు.