ముందస్తు అరెస్టు అనే మహా పథకం

దరఖాస్తు పెట్టకుండా, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, తెల్లారకముందే గుమ్మంలోకి నడిచొచ్చే సర్కారు పథకం ఈ దేశంలో ఒక్కటే ఉంది. దాని పేరు ముందస్తు అరెస్టు!

నవ్వకండి. పింఛనుకు వెళ్తే వేలిముద్ర పడదు. రేషన్ కార్డుకు వెళ్తే సర్వర్ పనిచేయదు. ముందస్తు అరెస్టుకు మాత్రం ఆధార్ అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. నేరం చేసే శ్రమ కూడా మనకు ఉండదు. అదీ సర్కారే మన తరఫున ఊహించుకుంటుంది. ఇంతకన్నా ప్రజాసేవ ఏం కావాలి?

నమ్మకం కుదరకపోతే దుబ్బాక పక్క ఊళ్లో మగ్గం నేసే లింగమూర్తి సంగతి వినండి. ఆయన దగ్గరున్న మారణాయుధం ఒకే ఒక ప్రశ్న: "సిద్దిపేటకు పొద్దుగాల బస్సు మళ్ల ఎప్పుడేస్తరు?"

ఆయన భార్య పోశమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పొద్దున్నే సిద్దిపేట దవాఖానలో డయాలసిస్. బస్సు తీసేశాక ఎవరి బండి దొరికితే ఆ బండి మీద పోతోంది. దొరకనినాడు కాళ్లు ఉబ్బి, ఆయాసపడుతూ ఇంట్లోనే.

ఇంత భయంకరమైన ప్రశ్నను మంత్రి ఎదుట పడనిస్తారా? అందుకే మంత్రి వచ్చే రోజు లింగమూర్తి ఇంటికి జీపు వస్తుంది. అది కనబడగానే సర్పంచ్ మోరీల్లో మురుగు తీయిస్తాడు, కుక్కలు తమంతట తామే పొలిమేర దాటిపోతాయి. ఒకసారి పెరట్లో మేక గట్టిగా అరిస్తే దాన్నీ ఎక్కించుకెళ్లి, సాయంత్రం సొంత పూచీకత్తు మీద వదిలారని ఊళ్లో ఒట్టేసి చెబుతారు.

పోయిన ప్రభుత్వంలో స్టేషన్ బెంచీ మీద ఆయన పక్కన ప్రతిపక్ష నాయకుడు రమాకాంత్ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే పొట్లంలో ఉప్మా తిన్నారు.

"మామా, మా పార్టీని రానీ. గీ అరెస్టులన్నీ బంద్. నువ్వు మైకు వట్టుకొని నా ముంగటనే అడుగు!" అన్నాడు రమాకాంత్.

లింగమూర్తి మగ్గం ఆపి మరీ ప్రచారం చేశాడు. పార్టీ గెలిచింది. రమాకాంత్ మంత్రయ్యాడు. మొన్న మంగళవారం మొదటిసారి ఆ ఊరికి బయల్దేరాడు.

చీకటితోనే జీపు వచ్చింది. లింగమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంత్రికి కప్పడానికి తాను నేసిన తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"ఏంది మతీన్, స్టేజీ కాడికేనా?" అని కానిస్టేబుల్‌ని అడిగాడు.

"కాదు కాకా. సిద్దిపేట స్టేషన్‌కు."

"అరె, ఇప్పుడు మంత్రి మనోడేరా! ఫోన్ కొట్టు!"

మతీన్ కొట్టాడు. స్పీకర్‌లో మంత్రిగారి గొంతు ఖంగున మోగింది. "లింగమూర్తి మామనా? మస్తు మంచోడు. ఉప్మాల జీడిపప్పు ఎయ్యమనుండ్రి. పొద్దుగూకేదాక ఇడ్వకుండ్రి."

చూశారా! ప్రభుత్వాలు మారితే ఏం మారుతుందని నిట్టూర్చేవాళ్లు సిగ్గుపడాలి. పాత పార్టీ ఏనాడైనా జీడిపప్పు వేసిందా?

లింగమూర్తి తువ్వాల మడిచి చంకలో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. అంతలో పోశమ్మ దవాఖాన కాగితాలు, నీళ్ల సీసా పట్టుకొచ్చి ఆయన పక్కనే ఎక్కేసింది.

"చిన్నమ్మా, నిన్ను తెమ్మనలే!" అన్నాడు మతీన్.

"తేకుంటే ఈడనే ఉంట. మీ మంత్రి కారుకు అడ్డం పండుకొని బస్సేదిరా అని ఒర్లుత. ఉండాల్నా, రావాల్నా?"

ప్రశ్న అడుగుతానని తన నోటితోనే ఒప్పుకున్న మనిషిని ఊళ్లో వదిలేస్తే ఉద్యోగం నిలుస్తుందా? మతీన్ తలుపు వేశాడు.

జీపు సైరన్ మోగించుకుంటూ పోయింది. స్టేషన్ దారిలోని దవాఖాన గేటు దాకా ఎక్కడా ఆగలేదు. బస్సు తీసేశాక పోశమ్మ వేళకు దవాఖాన చేరింది ఆ ఒక్కరోజే.

మతీన్ చెయ్యి పట్టి దింపాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"మంత్రి మళ్ల ఎప్పుడొస్తడు బిడ్డా?"

"వచ్చే నెలనేమో చిన్నమ్మా."

"నెలకోపారి వస్తే నా పానం ఆగుతదా? ఏ పార్టోడైనా మంచిదే. మంగళారం, బేస్తారం, శనివారం రమ్మను."