అలక మాని భోజనానికి రా

కడియంలో నర్సరీ నడిపే రత్నమాణిక్యం ఆ ఉదయం ఒకే ఒక పని పెట్టుకుంది. చెల్లెల్ని భోజనానికి పిలవాలి. నిడదవోలులో ఉండే వెంకటదుర్గ ఆ రోజే ఇల్లు ఖాళీ చేసి, భువనేశ్వర్‌లో కూతురి దగ్గరకు శాశ్వతంగా వెళ్లిపోతోంది. అక్క కొత్తింటి గృహప్రవేశానికి తనకు అందరికంటే ఆఖరున చెప్పారని ఆమె మాటలు మానేసింది. ఫోన్ నంబరు బ్లాక్ చేసింది. ఇంటికి వెళితే తలుపు తీయలేదు. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు రత్నమాణిక్యం జీవితంలో అప్పటికే ఎక్కువ. ఇంకొకరిని అలా వెళ్లనివ్వదలచుకోలేదు.

దారి చూపించింది కోడలు సాయిసుధ. నర్సరీ వెబ్‌సైట్ తయారుచేసింది ఆ అమ్మాయే.

“చిన్నత్తయ్యగారు ఆమధ్య మన సైట్‌లో మల్లె అంట్లు ఆర్డర్ పెట్టారండి. అప్పుడు నోటిఫికేషన్లకి ‘అలవ్’ నొక్కారు. సైట్ మూసేసినా సరే, ఇక్కణ్ణుంచి పంపితే ఆవిడ ఫోన్ మీద టింగుమని పడుతుంది.”

“మాటలొద్దు గానీ మల్లెలు కావాలా దానికి! మరి బ్లాక్ చేసింది కదే?”

“బ్లాక్ చేసింది మీ నంబర్నండి, నర్సరీని కాదు.”

కస్టమరు పేరు ఎంచుకుని ‘పంపు’ నొక్కమని చెప్పి సాయిసుధ మొక్కలకు నీళ్లు పెట్టించడానికి వెళ్లింది. రత్నమాణిక్యం కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టింది. “అలక మాని భోజనానికి రా. పనసపొట్టు కూర చేస్తున్నాను. రాకపోతే నా మీద ఒట్టే.” ఆ ఆత్రంలో పేరు ఎంచుకోవడం మరిచిపోయింది. పేరు ఎంచుకోకపోతే అందరికీ వెళుతుంది. వెళ్లింది.

ముందుగా పుణె నుంచి ఫోనొచ్చింది. “అమ్మా, నాకు అలకేం లేదండి. గులాబీ ఎండిపోయిందని ఒక్క స్టార్ ఇచ్చాను, అంతే. ఆ ఒట్టు మాత్రం తీసేయండి, నాకు సెలవు దొరకదు.”

సాయిసుధ పరుగెత్తుకొచ్చింది. “అత్తయ్యగారూ, కస్టమర్లందరికీ వెళ్లిపోయిందండీ!”

“వెనక్కి తీసుకో.”

“పడ్డది వెనక్కి రాదండి. పొరపాటున వెళ్లిందని ఇంకోటి పంపనా?”

“వద్దు! అది చూసి దుర్గ కూడా ఆగిపోతుంది. వచ్చినవాళ్లకి పెడదాం. బియ్యం కడిగించు.”

మధ్యాహ్నానికి జనం మొదలయ్యారు. అలక అనగానే ఎవరికి వారు తమదే అనుకున్నారు. తన దారికి అడ్డంగా కుండీలు పెట్టారని ఏడాదిగా మొహం తిప్పుకు తిరుగుతున్న పక్క నర్సరీ అప్పాజీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ధరలు కనిపెట్టడానికి తనూ ఆ సైట్‌లో ‘అలవ్’ నొక్కి ఉంచాడు.

“‘రా’ అన్నారు చూడండి, అక్కడే మనసు కరిగిపోయిందండి. ఇంత సొంతంగా మా అక్క కూడా పిలవదు.”

శివరామకృష్ణ మాస్టారు భార్యతో పాటు, ఎండిపోయిన సపోటా అంటునూ తీసుకొచ్చారు. “ఒట్టు పెట్టారు గనక వచ్చామండి. దీని సంగతి తిన్నాక మాట్లాడుకుందాం.”

రత్నమాణిక్యం ఒక్కర్నీ పొమ్మనలేదు. అప్పాజీ ఇంటి గుండిగలు తెప్పించింది. అమ్మకానికి పెంచిన అరటి మొక్కల ఆకులు కోయించింది. కూర చాలకపోతే పప్పు, పప్పు చాలకపోతే పులుసు పెట్టించింది. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి. చివరికి గేటులోకి వచ్చింది చెల్లెలు కాదు, ఇంటి సామానుతో నిండిన లారీ. మొక్కల లోడు ఉన్నప్పుడు కబురందాలని నర్సరీకి వచ్చే లారీ డ్రైవర్ల ఫోన్లలో కూడా సాయిసుధ ‘అలవ్’ నొక్కించి ఉంచింది.

డ్రైవర్ అబ్బులు దిగాడు. “నా లారీ మందార కుండీలు తొక్కేసిందని నానా మాటలన్నారు కదండి. మీ అంతటి మీరే రమ్మన్నాక రాకపోతే బావుంటుందాండి? ఎలాగూ దారే గదా అని లోడుతోనే వచ్చేశాను.”

అతను పెరుగన్నంలో ఉండగా కారొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. వెంకటదుర్గ దిగింది.

“నా బీరువా ఏదీ? లారీ ఎక్కడిదాకా వెళ్లిందని ఫోన్ చేస్తే, కడియంలో భోంచేస్తున్నానండి అంటాడా వీడు!”

రత్నమాణిక్యం చేతిలో గరిటెతోనే ఎదురెళ్లింది. “వచ్చావా దుర్గా! నేను పంపింది చూశావా?”

“ఏం పంపావు? ఎరువులు, కుండీలు అంటూ మీ సైట్ మోత భరించలేక ఎప్పుడో ఆపేశాను.” వెంకటదుర్గ ఆకుల వరుసను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. “ఊరందర్నీ పిలిచావు. మళ్లీ నన్నే పిలవలేదన్నమాట.”

“నిన్నొక్కదాన్నే పిలిచానే! వీళ్లంతా పొరపాటున వచ్చారు!”

తింటున్న చేతులన్నీ ఆకుల మీదే ఆగిపోయాయి. అప్పాజీ సగం లేచాడు. “అంటే ఆ ‘రా’ నాకు కాదాండి?” మాస్టారు సపోటా అంటు కోసం వెనక తడుముకున్నారు.

వెంకటదుర్గ అక్క మొహం చూసింది. చీర కొంగు బొడ్డులో దోపి, అక్క చేతిలో గరిటె లాక్కుంది.

“కూర్చోండి అప్పాజీగారూ! దానికి మాట్లాడటం ఎప్పుడొచ్చింది గనక? మా అక్క పిలిచింది, నేను వడ్డిస్తున్నాను. ఎవరు లేస్తారో చూస్తాను.”

ఎవరూ లేవలేదు.

ఆ సాయంత్రం బీరువా భువనేశ్వర్ బయలుదేరింది. వెంకటదుర్గ మాత్రం, అక్కను తిట్టవలసింది ఇంకా చాలా మిగిలి ఉందని వారం రోజులు ఆగిపోయింది.